రెండడుగుల బోర్డు

పురపాలక సిబ్బంది నా బోర్డును ఎత్తుకుపోయిన రోజు వాళ్లను నోరారా తిట్టుకున్నాను.

అప్పట్లో నాకు ఒక సందు లోపల చిన్న దుకాణం ఉండేది. పెద్ద రోడ్డు మీద నడిచేవారికి ఆ సందు కనిపిస్తుంది కానీ అందులో ఏముందో కనిపించదు. అందుకని సందు మొదట్లో మడత బోర్డు ఒకటి పెట్టాను. రెండు పలకలను పైన కీలుతో కలిపి, కింద కాళ్లు చాపి నిలబెట్టే రకం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. దుకాణం పేరు, ఒక బాణం గుర్తు, పనివేళలు, అంతే. ఏడాదిన్నర పాటు ఎవరూ ఏమీ అనలేదు. ఒక ఉదయం వెళ్లి చూస్తే బోర్డు లేదు. ఫోన్ చేసి అడిగితే, ‘అనుమతి లేని ప్రకటన’ అన్నారు. జరిమానా కట్టి తీసుకెళ్లవచ్చన్నారు. ఆ జరిమానా కొత్త బోర్డు ఖర్చు కంటే ఎక్కువ. నేను మళ్లీ అటు వెళ్లలేదు.

ఆ రోజు నన్ను ఎక్కువగా గుచ్చింది జరిమానా కాదు, ‘ప్రకటన’ అన్న మాట. దారి చెప్పడం ప్రకటన ఎలా అవుతుంది? అదే రోడ్డుకు అవతలి వైపు మూడంతస్తుల ఎత్తున ఒక హోర్డింగు వెలుగుతూ ఉండేది. దానికి అనుమతి ఉందట. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడం అంటే ఇదేనని నాలుగు రోజులు కనిపించిన ప్రతివారికీ చెప్పాను.

ఇది చాలా ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఆ బోర్డును తీసేయడం సరైన పనే. తీసేయడానికి చెప్పిన కారణమే తప్పు. అనుమతి పత్రం ఉండి ఉంటే ఆ బోర్డు అక్కడే, అదే స్థితిలో, అదే ఇబ్బంది పెడుతూ నిలబడి ఉండేది. ఏ ఇబ్బంది అన్నది ఆ సిబ్బందికీ పట్టలేదు, నాకూ పట్టలేదు.

ముందు నేల సంగతి. చిన్న వ్యాపారులం చాలామందిమి గుమ్మం దాటి వేసిన మొదటి అడుగు కూడా మనదేననుకుంటాం. పొద్దున్నే ఊడ్చేది మనమే, నీళ్లు చల్లేది మనమే కాబట్టి ఆ భ్రమ సహజం. చట్టం మాత్రం ఆ గీతను చాలా పట్టింపుగా చూస్తుంది. ఇంగ్లండులో 2007 నాటి ప్రకటనల నియంత్రణ నిబంధనల్లో ఇది బాగా తేటపడుతుంది. సొంత దుకాణం ముఖభాగం మీద, అక్షరం ఎత్తు 75 సెంటీమీటర్లు మించకుండా, నేల నుంచి 4.6 మీటర్ల లోపు బోర్డు పెట్టుకుంటే సాధారణంగా దరఖాస్తు అక్కర్లేదు, అనుమతి ఉన్నట్టే లెక్క. దుకాణం ముందు సొంత ఆవరణ ఉంటే అక్కడ మొత్తం 4.6 చదరపు మీటర్ల వరకు బోర్డులు పెట్టుకోవచ్చు. అదే బోర్డును ఒక్క అడుగు ముందుకు జరిపి కాలిబాట మీద పెడితే కథ మారిపోతుంది. అక్కడ 1980 నాటి రహదారుల చట్టం వర్తిస్తుంది. దారికి అడ్డం అన్న పేరుతో దాన్ని తీసేయవచ్చు. ఒక్క అడుగు తేడాలో రెండు చట్టాలు, చాలా చోట్ల రెండు వేర్వేరు కార్యాలయాలు. ఒక కార్యాలయంలో సరే అనిపించుకుని వచ్చినవాడు రెండో కార్యాలయం ఉన్నట్టే తెలియక దొరికిపోతాడు.

ఆ నిబంధనల్లో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రకటనకు అనుమతి ఇవ్వాలా వద్దా అని చూసేటప్పుడు స్థానిక సంస్థ రెండు విషయాలే చూడాలి: పరిసరాల అందం, ప్రజల భద్రత. బోర్డు మీద రాసిన మాటలు అధికారికి రుచించాయా, ఆ వీధికి ఆ వ్యాపారం అవసరమా అన్నవి అడగకూడదు. అయితే ఈ రెండింటిలో అందం అన్నది నాకు కొంచెం అనుమానంగానే ఉంటుంది. అందం ఎవరి కంటితో? చేత్తో రాసిన అక్షరాలు వికారంగానూ, పెద్ద సంస్థ పంపిన మెరిసే రేకు పద్ధతిగానూ కనిపించే కళ్లు కార్యాలయాల్లో తక్కువేమీ కాదు. భద్రత అలా కాదు. దాన్ని టేపు పెట్టి కొలవవచ్చు.

నా మనసు మార్చింది చట్టం కాదు, ఒక మిత్రుడు. ఆయనకు చూపు లేదు. కొన్ని నెలల పాటు రోజూ ఆయనతో కలిసి అదే రోడ్డు మీద నడిచాను. చూపున్నవాళ్లం కాలిబాట నడిమధ్యన నడుస్తాం. ఆయన గోడ పక్కనే నడుస్తాడు, తెల్లకర్ర కొసతో గోడ మొదలును తాకుతూ. ఆయనకు దారి చూపేది ఆ గోడే. దుకాణదారులమేమో ఎంతో మర్యాదగా, నడిచేవారికి అడ్డు రాకూడదని, బోర్డును జరిపి జరిపి గోడకు ఆనించి పెడతాం. సరిగ్గా ఆయన దారిలోకి.

పైగా మడత బోర్డు కాళ్లు కింద ఎడంగా ఉంటాయి. కర్ర కొస ఆ రెండు కాళ్ల మధ్య ఖాళీలోకి దూరిపోతుంది. ఏమీ తగల్లేదు కాబట్టి దారి ఖాళీగా ఉందనుకుని అడుగు వేస్తాడు, మోకాలి కింద ఎముకకు పలక అంచు తగులుతుంది. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే బోర్డులు ఇంకా ప్రమాదం, వాటి కింద నుంచి కర్ర హాయిగా వెళ్లిపోతుంది, తల వెళ్లదు. అందుకే అమెరికాలో వికలాంగుల సౌకర్య ప్రమాణాలు, నేల నుంచి 27 అంగుళాలకు పైన, 80 అంగుళాలకు లోపు గోడకు బిగించిన ఏ వస్తువూ నడకదారిలోకి 4 అంగుళాలకు మించి పొడుచుకు రాకూడదంటాయి. ఆ 27 అంగుళాలు ఎవరో ఊరికే వేసిన అంకె కాదు. అంతకంటే కిందికి దిగిన వస్తువు కర్రకు అందుతుంది, పైనున్నది అందదు.

ఒక రోజు టేపు తీసుకెళ్లి నా పాత బోర్డు ఉండిన చోట కాలిబాటను కొలిచాను. 1.7 మీటర్లు. అందులో నా బోర్డు 60 సెంటీమీటర్లు మింగింది. మిగిలింది 1.1. బ్రిటన్ రవాణా శాఖ మార్గదర్శకాల ప్రకారం కాలిబాట వెడల్పు 2 మీటర్లు ఉండాలి. అంత వీలుకాని చోట 1.5 మీటర్లు, ఎందుకంటే చక్రాల కుర్చీ, నడిచే మనిషి పక్కపక్కన పట్టాలంటే కనీసం అంత కావాలి. ఏదైనా అడ్డు ఉన్న చోట కొద్ది దూరం వరకు 1 మీటరు, అంతకు తగ్గకూడదు. అంటే నా బోర్డు ఎవరినీ పూర్తిగా ఆపలేదు. ఎదురెదురుగా ఇద్దరు వస్తే మాత్రం ఒకరిని రోడ్డు మీదికి దింపింది. ఏడాదిన్నరలో ఎంతమందిని దింపిందో లెక్క లేదు. బాణం గుర్తు చూసి లోపలికి వచ్చినవారిని మాత్రం లెక్కపెట్టుకున్నాను.

స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరం 2018 నవంబరు నుంచి కాలిబాటల మీద ఇలాంటి మడత బోర్డులను మొత్తంగా నిషేధించింది. నడకదారుల కోసం, చూపులేనివారి కోసం పనిచేసే సంఘాలు సంతోషించాయి. సందుల్లోనూ, వీధి మట్టానికి కింద మెట్లు దిగి వెళ్లే గదుల్లోనూ దుకాణాలున్నవారు గొల్లుమన్నారు. ఇద్దరి బాధా నాకు తెలిసిందే. పూర్తి నిషేధానికి ఒక సుగుణం ఉందని ఒప్పుకోవాలి. టేపు అక్కర్లేదు, వాదన అక్కర్లేదు, ఒకరికి చూసీ చూడనట్టు పోవడం, మరొకరిని పట్టుకోవడం ఉండదు. కానీ నాలుగు మీటర్ల కాలిబాటకూ, ఒకటిన్నర మీటరు కాలిబాటకూ ఒకే నియమం పెట్టడం కొలవడానికి బద్ధకించడమేనని నా ఉద్దేశం.

బద్ధకం అన్నాను కానీ, అనుమతి పద్ధతిలో ఉన్నదీ అదే. అనుమతి అంటే ఏమిటి? ఒక దరఖాస్తు, స్థలం పటం, బోర్డు కొలతల బొమ్మ, కొన్ని చోట్ల బీమా పత్రం, రుసుము, కొన్ని వారాల నిరీక్షణ. ఏడాదికోసారి మళ్లీ అదే. వంద శాఖలున్న సంస్థలో ఈ పని చేయడానికి ఒక విభాగమే ఉంటుంది. ఒంటరిగా దుకాణం నడిపేవాడు ఆ కార్యాలయానికి వెళ్లాలంటే ఆ పూట దుకాణం మూయాలి. కాగితం మీద నియమం ఇద్దరికీ సమానం. ఇంతా చేసి చేతికి వచ్చిన పత్రం బోర్డును చిన్నది చేయదు, కాళ్లు దగ్గరికి జరపదు. గాలిని అసలే ఆపదు.

గాలి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి, తనకు ఎదురుగా నిలిచిన ప్రతి చదరపు మీటరు మీద సుమారు 25 కిలోల బరువుతో తోస్తుంది. నా బోర్డు అర చదరపు మీటరు. అంటే దాదాపు పన్నెండు పదమూడు కిలోల తోపు. పడిపోతుంది, కొంత దూరం ఈడ్చుకుపోతుంది, ఎవరి కాలికో తగులుతుంది. అడుగున ఇసుక సంచి కట్టాలని ఒక్క వాక్యం రాస్తే తీరే సమస్య. ఇప్పుడు అదే లెక్క పెద్దదానికి వేయండి. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో పెనుగాలికి పెట్రోలు బంకు మీద కూలిన హోర్డింగు 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. పదమూడు వందల చదరపు మీటర్లకు పైమాటే. పైన చెప్పిన 72 కిలోమీటర్ల వేగపు గాలి దాన్ని 30 టన్నులకు మించిన బలంతో తోస్తుంది. 17 మంది చనిపోయారు. ఆ నగరపాలక సంస్థ అనుమతించే గరిష్ఠ పరిమాణం 40 అడుగులకు 40. అంటే ఆ హోర్డింగు వైశాల్యం దానికి తొమ్మిదింతలు. అది నిలబడిన స్థలం రైల్వే పోలీసుల అధీనంలో ఉండటంతో అనుమతి ఎవరు ఇవ్వాలన్న వాదన అది కూలిన తర్వాత కూడా నడిచింది. కొలత గురించి మాత్రం వాదించడానికి ఏమీ లేదు. కింద నిలబడి తలెత్తిన ప్రతివారికీ కనిపించే కొలత అది.

కొలతనే నియమంగా పెట్టుకున్న నగరం ఒకటుంది. బ్రెజిల్‌లోని సావోపావులో నగరంలో 2006లో చేసి, 2007 జనవరి 1 నుంచి అమలు చేసిన స్వచ్ఛ నగర చట్టం. మేయరు జిల్బెర్తో కసాబ్ హయాంలో వేల హోర్డింగులు దిగిపోయాయి. ప్రపంచమంతా ఆ ఖాళీ చట్రాల ఫొటోలనే చూసింది. నా దృష్టిలో అసలు విశేషం దుకాణాల బోర్డులకు పెట్టిన లెక్క. ముఖభాగం 10 మీటర్ల లోపు ఉంటే ఒకటిన్నర చదరపు మీటర్ల బోర్డు. 10 నుంచి 100 మీటర్ల దాకా ఉంటే 4 చదరపు మీటర్లు. ఈ అంకెలను కాస్త తిప్పి చూడండి. మూడు మీటర్ల దుకాణానికి మీటరుకు అర చదరపు మీటరు వంతున బోర్డు దక్కుతుంది. తొంభై మీటర్ల భవనానికి మీటరుకు దక్కేది దానిలో పదో వంతు కూడా కాదు. చిన్నవాడికి మేలు చేస్తున్నామని ఎక్కడా చెప్పుకోకుండానే మేలు చేసిన లెక్క ఇది. ఏ అధికారి దయా అక్కర్లేదు.

మొదట్లో అక్కడి దుకాణదారులూ గగ్గోలు పెట్టారు, అది వేరే కథ. పెద్ద రేకులు దిగాక వాటి వెనక దాగిన పెచ్చులూడిన గోడలు బయటపడ్డాయి, అదీ వేరే కథ. నాకు కావలసింది తర్వాత జరిగినది. కొన్నేళ్లకు అదే నగరంలో ప్రకటనలు తిరిగి వచ్చాయి. ఈసారి బస్సు స్టాపుల మీద, వీధి గడియారాల మీద, నగరమే కుదుర్చుకున్న ఒప్పందాలతో.

ఇక్కడే స్థానిక సంస్థల మాట మీద నాకు నమ్మకం సడలుతుంది. 1964లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జెసిడెకో అనే సంస్థ ఒక బేరం మొదలుపెట్టింది. బస్సు స్టాపులను ఉచితంగా కట్టి, నిర్వహించి పెడతాం, వాటి మీద ప్రకటనల హక్కు మాకివ్వండి అని. నగరానికి పైసా ఖర్చు లేదు. ఆ బేరం ప్రపంచమంతా పాకింది. చెడ్డ బేరమని నేననను, ఎండలో వానలో నిలబడేవారికి నీడ దొరికింది. కానీ ఆ రోజు నుంచి ప్రకటనల మీద తీర్పు చెప్పే సంస్థే ప్రకటనల చోటును అద్దెకిచ్చే యజమాని కూడా అయింది. కాలిబాట మీద నా రెండడుగుల పలక అడ్డం. దానికి పది గజాల దూరంలో అదే కాలిబాట మీద పాతిన, రాత్రంతా కళ్లు మిరుమిట్లు గొలిపే తెర మాత్రం ‘వీధి సదుపాయం’. అది తినే వెడల్పు నా బోర్డు కంటే ఎక్కువ. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు దాన్ని ఎవరూ లోపలికి తీసుకెళ్లరు కూడా. ఫ్రాన్స్‌లోనే గ్రెనోబుల్ నగరం 2014లో ఈ ఒప్పందాన్ని పొడిగించకుండా 326 ప్రకటన పలకలను తీసేయాలని నిర్ణయించింది. తానే వదులుకుని ఇతరులను వదులుకోమన్న నగరం కాబట్టి దాని మాటకు బరువుంటుంది.

మాటలను బట్టి బోర్డులకు తరగతులు పెట్టే నియమాలు ఇంకో తలనొప్పి. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు గిల్బర్ట్ పట్టణం రాసుకున్న నియమావళి దీనికి మంచి ఉదాహరణ. ఒక భావజాలాన్ని చాటే బోర్డు 20 చదరపు అడుగుల దాకా ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఎన్నికల బోర్డు కొన్ని స్థలాల్లో 32 చదరపు అడుగుల దాకా ఉండవచ్చు. ఒక కార్యక్రమానికి దారి చూపే బోర్డు మాత్రం 6 చదరపు అడుగులు మించకూడదు, కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి, ముగిసిన గంటలోపు తీసేయాలి. సొంత భవనం లేక చోటు మార్చుకుంటూ ప్రార్థనలు జరుపుకునే ఒక చిన్న చర్చి ఈ గంటల లెక్కలో చిక్కి కోర్టుకెక్కింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఆ నియమాలు చెల్లవని తేల్చారు. బోర్డు చెప్పే విషయాన్ని బట్టి తేడా చూపే నియమానికి, వాక్‌స్వాతంత్ర్యం దృష్ట్యా, చాలా గట్టి కారణం ఉండాలని, ఆ పట్టణం అది చూపలేకపోయిందని మెజారిటీ తీర్పు చెప్పింది. కోర్టు భాష పక్కన పెడితే, నా దుకాణదారు బుర్రకు తట్టింది ఒకటే. అన్ని రకాల్లోకీ తక్కువ చోటు, తక్కువ సమయం దక్కింది ఎవరికి? దారి చెప్పేవాడికి.

ఆ తర్వాత 2022లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం కేసులో అదే కోర్టు ఇంకో తేడాను మాత్రం నిలబెట్టింది: బోర్డు తాను చెప్పే వ్యాపారం ఉన్న చోటే ఉందా, వేరే చోట ఉందా అన్న తేడా. సొంత ఆవరణలో ఉంటే ఒక నియమం, బయట ఉంటే కఠిన నియమం. చదవగానే చాలా న్యాయంగా తోస్తుంది. నాకూ తోచింది, నా బోర్డు గుర్తుకొచ్చే దాకా. నా బోర్డు నా దుకాణం ముందు లేదు, సందు మొదట్లో ఉంది. అంటే అలాంటి నియమం ముందు అదీ, ఎదుటి మూడంతస్తుల హోర్డింగూ ఒకే కోవ. రోడ్డు మీద దుకాణం ఉన్నవాడికి ఆ తేడా మేలు చేస్తుంది. రోడ్డు మీద దుకాణానికి అద్దె కట్టలేక సందులోకి వెళ్లినవాడినే అది దెబ్బ కొడుతుంది.

ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో మంచి జవాబు వెర్మాంట్‌ది. అమెరికాలో హోర్డింగులను పూర్తిగా నిషేధించిన రాష్ట్రాలు నాలుగే: వెర్మాంట్, మెయిన్, హవాయి, అలాస్కా. వెర్మాంట్ 1968లో చట్టం చేసింది. 1974 నాటికి రోడ్ల పక్కన హోర్డింగులు లేకుండా పోయాయి. వాటితో పాటు వ్యాపారుల గొంతు కూడా నొక్కేసి ఊరుకోలేదు. రాష్ట్రమే ఒకే కొలతలో, ఒకే తీరులో చిన్న దారిసూచికలు పెట్టడం మొదలుపెట్టింది. పేరు, బాణం గుర్తు, దూరం. వ్యాపారి ఏటా రుసుము కడితే మలుపు దగ్గర అతని పేరు ఉంటుంది. పెద్దవాడు ఎక్కువ డబ్బు కట్టి పెద్ద పలక కొనుక్కోవడానికి లేదు.

నగరంలో, సందు మొదట్లో, ఇదే పని ఇంకా తేలిక. ఒక స్తంభం చాలు, అదీ అక్కడ ఇప్పటికే ఉన్న దీపస్తంభమైతే మరీ మంచిది. తల తగలని ఎత్తున, ఒకదాని కింద ఒకటి అమరే సన్నని రేకు పట్టీలు. లోపల ఎనిమిది దుకాణాలుంటే ఎనిమిది పట్టీలు. ఒకటి మూతపడితే ఆ పట్టీ ఒక్కటే ఊడదీసి కొత్తది తొడగడం. కాలిబాట మీద ఒక్క అంగుళం పోదు, తెల్లకర్రకు ఏదీ తగలదు, గాలికి ఆనేంత పలకే ఉండదు. పట్టీకి రుసుము తీసుకోండి, కడతాం. నేనైతే జరిమానాలో సగం సంతోషంగా కట్టేవాణ్ణి.

ఇలా అన్నప్పుడు కార్యాలయాల నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు: పట్టీలు ఎవరు మారుస్తారు, మూతపడ్డ దుకాణం పేరు ఏళ్ల తరబడి అలాగే వేలాడుతుంది కదా అని. నిజమే, వేలాడుతుంది. అందుకని ఏటా రుసుము కట్టని పట్టీని ఏ నెలలో తీసేస్తారో ముందే రాసిపెట్టి, ఆ నెలలో తీసేయాలి. నా బోర్డును ఎత్తుకుపోవడానికి ఒక వాహనం, ఇద్దరు మనుషులు తెల్లవారుజామున దొరికారు. పట్టీకి ఒక నిచ్చెన, ఒక స్క్రూడ్రైవరు చాలు.